షెల్టరు మిషన్ల మీద నేను వేయించిన దురాయి

మా పాళెంలో దురాయి అంటే ఏమిటో నడక వచ్చిన పిల్లలకు కూడా తెలుసు. పెత్తనం చేసే పెద్దలను మేము కాపులంటాం. వాళ్ళు ఒడ్డున కూర్చుని ఫలానా పని చేయరాదని తేల్చి, తప్పెట కొట్టించి చాటిస్తే అది దురాయి. సన్నకన్ను వల వేయరాదు. ఒకడు వల దింపిన చోట ఇంకొకడు అడ్డం పోరాదు. మీరిన మగవాడి పడవ ఒడ్డునే పడి ఉంటుంది. మీరిన ఆడదానికి చేపలు ఎండబోసుకునే ఇసుక పోతుంది. ఆ శిక్షను తప్పు అంటాం. ఏటా గంగమ్మ కొలుపు నాడు వాటిని మళ్ళీ చాటుతారు. మధ్యలో ఎత్తేసే పద్ధతి లేదు. నాకు తెలిసిన దురాయిలన్నీ వలల మీద, పడవల మీద, సారా మీద వేసినవే. కంప్యూటరు మీద దురాయి వేయించినదాన్ని నేనొక్కదాన్నే. దాన్ని మీరినదాన్ని కూడా నేనొక్కదాన్నే. ఆ రెండు పనులకూ నేను సిగ్గుపడను. ఎందుకు పడనో రాస్తాను.

నేను ఎండుచేపలు అమ్మిన మనిషిని. మైపాడుకు కాస్త ఎగువనున్న మా పాళెం నుంచి నెత్తిన గంప పెట్టుకుని నలభై ఏళ్ళు ఇందుకూరుపేట, నెల్లూరు తిరిగాను. యాభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు బస్సు బోర్డు చదవమని పక్కవాళ్ళను అడిగేదాన్ని. కొందరు చెప్పేవాళ్ళు. కొందరు నా గంప వాసనకు మొహం తిప్పుకునేవాళ్ళు. ఒకసారి ఒకాయన కావాలనే తప్పు చెప్పాడు. నేను ఇందుకూరుపేట అనుకుని ఎక్కిన బస్సు నన్ను తోటపల్లి గూడూరులో దింపింది. గంపలో చేపలతో ఆ ఎండలో నిలబడినప్పుడు వచ్చిన కోపం నాచేత పలక పట్టించింది. చదువు మీద ప్రేమతో నేర్చుకున్నానని ఎవరైనా అంటే నమ్మకండి.

పలక మీద దిద్దాను కానీ కాగితం మీద రాయడం నాకు సరిగ్గా పట్టుబడలేదు. ఉప్పుకు, ముళ్ళకు నా వేళ్ళు మొద్దుబారాయి. పెన్ను జారిపోతుంది. నాకు రాత వచ్చింది మిషను మీదే. నెల్లూరు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే ఒక అమ్మాయి, ఏదో ఆఫీసులో పనికిరావని పక్కన పెట్టిన మిషన్లు రెండు అడిగి తెచ్చి, మా తుఫాను షెల్టరు మేడ మీది గదిలో పెట్టింది. ఆ అమ్మాయి నన్ను అవ్వా అనేది. నేను పాపా అనేదాన్ని.

మిషను తెరవగానే ముందు లేచి మిగతా పనులన్నీ నడిపించేదాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారని ఆ అమ్మాయే చెప్పింది. బజారులో అందరూ వాడేది కంపెనీవాళ్ళు తాళం వేసి అమ్మే సిస్టం. మాకు తను ఎక్కించింది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. దానితో ఏ పనైనా చేసుకోవచ్చు, లోపల ఎట్లా కట్టారో విప్పి చూడవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు, సరిపోకపోతే బాగుచేసి ఆ బాగుచేసినదాన్ని పదిమందికీ పంచవచ్చు. ఈ నాలుగు మాటలూ ఆమె వేళ్ళు మడిచి మరీ చెప్పింది. నువ్వు చెప్పేది వల సంగతిలా ఉందే పాపా అన్నాను. కొనుక్కొచ్చిన వలను కోసుకుంటాం, అతుక్కుంటాం, అంగడివాడొచ్చి అడ్డం పడడు కదా. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. పదేళ్ళుగా పిల్లలకు చెప్తున్నాను, ఇంత తొందరగా ఎవరికీ ఎక్కలేదు అంది. పొగడ్త నాకూ బాగానే ఉంది. అబద్ధమెందుకు.

మీటల మీద తెలుగు అక్షరాలు ముద్రించిన చిన్న కాగితాలు అతికించింది. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడిచేతి వైపు హల్లులు. పెన్ను పట్టలేని నా వేళ్ళకు మీట నొక్కడం హాయిగా కుదిరింది. నెల తిరిగేలోగా నా పేరు, మా ఊరి పేరు, పద్దెనిమిది రకాల చేపల పేర్లు రాశాను. చేపల పేర్లు అయిపోయాక ఏం రాయాలో తోచలేదు. అప్పుడు మా మరిది తన మాట రాయమన్నాడు.

మరిది అంటే నా పెనిమిటి తమ్ముడు. పెనిమిటి పోయి చాలా ఏళ్ళయింది. మరిది ఇల్లూ మా ఇల్లూ ఒకే వాకిలి. మా ఒడ్డు ముందు సముద్రం అడుగున వల చిక్కే చోట్లు ఉన్నాయి. ఒకచోట రాళ్ళు, ఒకచోట మునిగిన పడవ, ఒకచోట ఎప్పటిదో లంగరు. అక్కడ వల దింపితే వల దక్కదు. అట్లాంటి చోట్లు నలభైకి పైన ఆయన తలలో ఉన్నాయి. ఒడ్డు మీది గుర్తులు పెట్టుకుని చెప్తాడు. షెల్టరు మేడకు ఒంటి తాటిచెట్టు ఆనుకున్నట్టు కనపడాలి, దక్షిణాన సర్వితోపు కొస గుడి గోపురాన్ని దాటాలి, ఆ రెండు చూపులూ కలిసిన చోట రాయి ఉంది. ఇట్లా. పడవ మీద వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వచ్చి ఆయన్ని అడిగి పోయేవాళ్ళు. ఆయనకు నీటికాసులు వచ్చి పక్కచూపు పోవడం మొదలైంది. చూపు పూర్తిగా పోయేలోగా అవన్నీ రాసిపెట్టాలని ఆయన తొందర. ఆయన చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని. రోజుకు ఒక చోటు. మబ్బు పట్టిన రోజు రెండు.

ముప్ఫై చోట్లు అయ్యాయి. అప్పుడొచ్చాడు ఒకాయన. ఏదో సేవా సంస్థ తరఫున పాళేల్లోని కంప్యూటర్లు బాగుచేస్తున్నామని, మేము చేపల వేలంలో ఉన్నప్పుడు వచ్చి, ఎవరినీ అడగకుండా రెండు మిషన్లూ తుడిచేసి కంపెనీ సిస్టం ఎక్కించి పోయాడు. మధ్యాహ్నం నేను మేడ ఎక్కి మిషను తెరిస్తే అంతా ఇంగ్లీషు. క అతికించిన మీట నొక్కితే ఇంగ్లీషు అక్షరం పడింది. ముప్ఫై చోట్లూ లేవు. ఆయనకు ఫోను చేయించాను. తెలుగు రాయడం ఇప్పుడు చాలా సులువమ్మా అన్నాడు. అమ్మ అని రాయాలంటే ఇంగ్లీషులో ఎ కొట్టి ఎమ్ కొట్టమన్నాడు, అదే తెలుగు అయిపోతుందట. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు నాయనా అన్నాను. ఇరవై ఆరే కదమ్మా, నేర్చుకుంటే ఎంతసేపు అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నా అక్షరాలు నేర్చుకోవడానికి నాకు యాభై రెండేళ్ళు పట్టింది. వాటిని రాయడానికి ముందు ఇంకొకరి అక్షరాలు నేర్చుకోవాలా. ఆ సిస్టంలోనూ నా మీటలు పెట్టుకునే దారి ఉందని తర్వాత అమ్మాయి చెప్పింది. ఉంటే ఉండవచ్చు. ఉందని ఆయన చెప్పలేదు, ఉందేమోనని చూడనూ లేదు. నన్ను అడగకుండా నా మాట తుడిచినవాడు దాన్ని మేలు అనుకున్నాడు. నాకు మండింది అందుకే.

అమ్మాయి వచ్చి మళ్ళీ పాత సిస్టం ఎక్కించింది. తన దగ్గర ఉంచుకున్న నకలులో పదహారు చోట్లు దొరికాయి. మిగతావి పోయాయి. నేను తిన్నగా కాపుల దగ్గరికి పోయి దురాయి వేయమన్నాను.

కాపులు నవ్వారు. పెద్దకాపు నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. వలల మీద వేసే దురాయి మిషన్ల మీద ఎట్టా వేసేదక్కా అన్నాడు. వెనక నుంచి ఎవడో, రేపు మిక్సీల మీద కూడా వేయమంటుంది అన్నాడు. సన్నకన్ను వల మీద ఎందుకు వేసినారు అని అడిగాను. ఒక్కడి వల అందరి చేపనూ పిల్లతో సహా ఊడ్చేస్తుందని అన్నారు. మరి ఒక్కడొచ్చి అందరి మాటనూ ఊడ్చేసి పోయినాడు కదా, దానికేమంటారు అన్నాను. మీ వలలు చిక్కే చోట్లే అందులో ఉన్నవి, ఆడవాళ్ళ వంటలు కావు అని కూడా అన్నాను. అప్పుడు నవ్వు ఆగింది. రెండు రోజులకు తప్పెట మోగింది. షెల్టరు మిషన్లలో ఇప్పుడున్న సిస్టం తప్ప వేరే సిస్టం ఎక్కించరాదు, మీరినవాళ్ళకు దురాయి తప్పు తప్పదు అని వీధివీధీ చాటారు. సిస్టం అనే మాట తప్పెటవాడి నోట్లో తిరగలేదు. అయినా నా చెవికి అది కొలుపు నాటి మేళంలా వినిపించింది.

అమ్మాయి ఆ సంగతి విని సంతోషంతో ఊగిపోయింది. ఒక ఊరు ఊరంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కోసం కట్టుబాటు చేసుకుందని ఎక్కడెక్కడో చెప్పుకుంది. నేనూ గర్వంగా తిరిగాను. నిషేధం పెట్టి స్వేచ్ఛను కాపాడుతున్నామన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. తర్వాతి కొలుపు నాడు కూడా దురాయి చాటించాను.

ఆ ఏడే మా మరిదికి చూపు మొత్తం పోయింది.

పోయిన చోట్లు ఆయన మళ్ళీ చెప్పాడు, అప్పటికి చెప్పకుండా మిగిలినవీ చెప్పాడు. నేను అన్నీ కొట్టాను. ఇబ్బంది ఏమిటంటే నేను కొట్టింది ఆయన చూడలేడు. నేను చదివి వినిపించాలి. నాది కూడబలుక్కునే చదువు. ఒత్తు దగ్గర ఆగుతాను, పొల్లు దగ్గర ఆగుతాను. ఆయన ఓపిక పట్టి విని, అది కాదు వదినా, గోపురానికి కుడిపక్క అన్నా, నువ్వు ఎడమపక్క అన్నావు అంటాడు. నేను రాసింది తప్పో చదివింది తప్పో ఇద్దరికీ తెలియదు. అట్లా ఒక చోటుకు పూట పట్టేది. దానికి తోడు ఒడ్డు కనపడక ఆయనకు గుర్తులు చెరిగిపోవడం మొదలైంది. ఒకరోజు, నెలకు ఒక చోటు నా తలలో నుంచి పోతా ఉంది వదినా అన్నాడు. సముద్రంలో ఎప్పుడూ భయపడని మనిషి గొంతులో ఆరోజు భయం విన్నాను.

నెల్లూరులో ఒక బ్యాంకులో చూపు లేని గుమాస్తా ఉన్నాడు. మరిది పింఛను పని మీద వెళ్ళినప్పుడు ఆయన పక్కన గంటసేపు కూర్చున్నాడట. ఆ గుమాస్తా మిషను తెలుగులో చదువుతోంది. ఆడమనిషి గొంతు, పక్కింటామె మాట్లాడినట్టు ఉందట. గుమాస్తా మీట నొక్కితే ఆగుతుంది, ఇంకో మీట నొక్కితే వెనక్కి పోయి మళ్ళీ చెప్తుంది. ఎవరినీ బతిమాలే పని లేదు. మరిది ఇంటికి వచ్చి రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు, మన మిషను ఎందుకు మాట్లాడదు అని అడిగాడు.

అమ్మాయిని పిలిపించాను. మన సిస్టంలో కూడా చదివే గొంతు ఉందని ఆమె అప్పటికప్పుడు పెట్టింది. రేకు డబ్బాలో గవ్వలు పోసి ఊపినట్టు వినిపించింది. మరిది తల వంచి చాలాసేపు విన్నాడు.

"వదినా, ఇది తెలుగు మాట్లాడతా ఉందా, దగ్గతా ఉందా?"

అమ్మాయి కూడా నవ్వింది. ఈ గొంతును చాలామంది కలిసి బాగుచేస్తున్నారని, మీలాంటివాళ్ళు విని తప్పులు చెప్తే ఇంకో రెండేళ్ళలో మంచి గొంతు వస్తుందని చెప్పింది. చెప్తాను, నా పని నేను చేస్తాను, రెండేళ్ళ దాకా నా తల ఆగుతుందా అమ్మా అన్నాడు మరిది. పదిహేను రోజులు ఆ డబ్బా గొంతుతో కుస్తీ పట్టాడు. నాలుగు మాటల్లో ఒకటి తెలిసేది. కుడి అందో ఎడమ అందో తెలియకపోతే వలకు అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

బ్యాంకులో విన్న గొంతు కంపెనీ సిస్టంలోనే ఉంది. రెండు మిషన్లలో ఒకదాంట్లో అది ఎక్కించమని మరిది అడిగాడు. నేను వద్దన్నాను. ఈ మాట దాచను. దురాయి ఉందన్నాను. కొలుపు ఇంకా ఎనిమిది నెలలుంది, అప్పుడు చూద్దామన్నాను. వాళ్ళు చేసిన పని అప్పుడే మరిచిపోయినావా, ముప్ఫై చోట్లు తుడిచిన సిస్టం అది అన్నాను.

"తుడిచింది మనిషి వదినా, సిస్టం కాదు," అన్నాడు. "నీకు చదువు రాకముందు బస్సు బోర్డు చదవమని కనపడినోళ్ళనంతా అడుక్కున్నావు. ఇప్పుడు నీ బోర్డు నువ్వే చదువుకుంటా ఉండావు. నాకు మాత్రం ఎప్పటికీ ఇంకొకరే చదివి పెట్టాలనా?"

నేను లేచి చేపలు తిరగేయడానికి పోయాను. తప్పు బస్సు నన్ను తోటపల్లి గూడూరులో దింపిన నాటి ఎండ నెత్తిన కొట్టినట్టయింది. ఆ రోజు బోర్డు తప్పు చెప్పినవాడూ ఇప్పుడు నేనూ ఒక్కటే కదా అనిపించింది. చేపలన్నీ తిరగేసే లోపల నా మనసు తేలిపోయింది.

మళ్ళీ అమ్మాయికి ఫోను చేయించాను. ఆదివారం వచ్చింది. విషయం చెప్పగానే తెల్లబోయింది. వద్దవ్వా అంది. ఆమె చెప్పినవి ఉత్త మాటలు కావు. ఒక మిషనులో అది ఎక్కితే అందరూ దాని ముందే కూర్చుంటారు, రెండోది బూజు పడుతుంది. కొన్నాళ్ళకు ఈ మిషను పాతబడింది, కొత్తది కొంటేనే మా సిస్టం నడుస్తుందని కంపెనీ అంటుంది. అప్పుడు మీ మాటలన్నీ దాని చేతిలో ఉంటాయి. ఇట్లా చాలా ఊళ్ళలో చూశానంది. అబద్ధం లేదు. ఆ బెదురు నాకూ ఉంది. కానీ రెండేళ్ళు ఆగమని ఆమె మళ్ళీ అనేసరికి నేను ఆగలేకపోయాను.

"పాపా, ఈ మిషన్లు తెచ్చినప్పుడు వీటి అడుగున కంపెనీ కాగితం అతికించి ఉండె. ఇప్పటికీ ఉంది. అంటే అప్పట్లో ఆ సిస్టమే ఉండె కదా. నువ్వు దాన్ని తుడిచేటప్పుడు మమ్మల్ని అడిగినావా?"

ఆమె మిషనును వంచి అడుగున ఉన్న కాగితం చూసింది.

"ఆ సేవాయన అడగలేదు, నువ్వూ అడగలేదు. నీది మంచి పని, ఆయనది చెడ్డ పని. అది నేనూ ఒప్పుకుంటా. ఇద్దరూ అడగలేదు, అది కూడా ఒప్పుకో. నాలుగు మాటలు వేళ్ళు మడిచి చెప్పినావు. బొటనవేలు మిగిలిపొయ్యింది చూడు. మాకు ఇది వద్దు, ఇంకోటి కావాలి అనుకునే మాట దానికి పెట్టు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆ పిల్లకు. నేను మెత్తబడలేదు. మెత్తబడితే మరిది పని కాదు. నువ్వు చేయకపోతే ఇందుకూరుపేట అంగడి నుంచి మనిషిని పిలిపించుకుంటానన్నాను. అతను దొంగ నకలు తెచ్చి వేస్తాడు, మళ్ళీ మీ రాతంతా తుడిచిపెడతాడు అంది. తుడిస్తే ఆ పాపం నీదీ సగం అన్నాను. చివరకు, నాకు ఇష్టం లేదవ్వా, కానీ నేనే వేస్తాను అంది. అడుగున ఉన్న కాగితం మీద కంపెనీ ఇచ్చిన అనుమతి అంకెలతోనే వేస్తాను, దొంగది వేయను. ఒక్క షరతు పెట్టింది. మీరు రాసేదంతా ఏ సిస్టంలోనైనా తెరుచుకునే రకంలోనే దాచాలి. మిషను ఏదైనా కానీ, మాట మాత్రం ఏ కంపెనీ చేతిలోనూ చిక్కకూడదు. దానికి నేను వెంటనే ఒప్పుకున్నాను. అది షరతు కాదు, మాకు కావలసిందే.

దొంగచాటుగా చేయడం నాకు చేతకాదు. సోమవారం పొద్దున పడవలు వచ్చే వేళకు కాపులు ఒడ్డున కూర్చుని ఉంటే ఎదురుగా పోయి నిలబడ్డాను. దురాయి నేనే అడిగి వేయించినాను, ఇవాళ నేనే మీరబోతున్నాను, ముందుగా చెప్పిపోదామని వచ్చినాను అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దకాపు మంచిమాటగానే చెప్పాడు. కొలుపు దాకా ఆగు అక్కా, అప్పుడు ఎత్తేస్తాం, నీ మాటకు అడ్డం చెప్పేవాళ్ళెవరు అన్నాడు. మీరు ఆగగలరు, మా మరిది తల ఆగదు అన్నాను. అట్టయితే ఇప్పుడే ఎత్తేద్దాం అని ఒకరిద్దరు గొణిగారు. పెద్దకాపు ఒప్పుకోలేదు. ఒకరి కోసం నడిమధ్యలో ఎత్తితే రేపు సన్నకన్ను వలవాడు కూడా వచ్చి నిలబడతాడు అన్నాడు. అతను చెప్పింది న్యాయం. నేను కూడా అతని చోట ఉంటే అదే చెప్పేదాన్ని.

"మీరితే నీ ఇసుక పోతుందక్కా. కొలుపు దాకా."

"పోనీ తమ్ముడా. వేసినప్పుడు తెలిసే వేయించినాను."

ఆ మాట అని అక్కడి నుంచే తిన్నగా మేడ ఎక్కాను. అమ్మాయి రెండో మిషను ముందు కూర్చుని ఉంది. మొదలుపెట్టమన్నాను.

ఇసుక పోవడమంటే ఏమిటో మా పాళెం వాళ్ళకు చెప్పక్కరలేదు. మా అత్త ఎండబోసిన చోటు అది. అలకు అందదు, నీడ పడదు, గాలి బాగా తగులుతుంది. అది వదిలి ఎనిమిది నెలలు రొయ్యల గుంటల కట్ట పక్కన తాటాకు చాపలు పరిచి ఎండబోశాను. కుక్కలు, కాకులు. గుంటల్లోంచి వచ్చే వాసన చేపకు పట్టేది. నాతో పాటు ఎండబోసుకునే ఒకామె తన ఇసుకలో సగం వాడుకో అంది. వద్దన్నాను. తప్పు వేసేది అనుభవించడానికే కానీ తప్పించుకోవడానికి కాదు. నన్ను చూసి జాలిపడినవాళ్ళ మీద కసురుకున్నాను. నేను ఓడిపోలేదు, నేను కొనుక్కున్నాను అని చెప్పాను.

ఏం కొనుక్కున్నానో చెప్తాను. రెండో మిషనులో ఆ గొంతు మొదటిసారి మాట్లాడినప్పుడు మరిది కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అమ్మాయి ఆయనకు ఏడు మీటలు నేర్పింది. అవి చేతికి తగలాలని ఆయనే నైలాను దారంతో వలముడి వేసి, ఒక్కో ముడి కోసి ఒక్కో మీట మీద అతికించుకున్నాడు. వలముడి ఆయన వేలికి ఎక్కడున్నా తెలుస్తుంది. ఆ వారంలో నేను కొట్టిన చోట్లన్నీ ఒక్కొక్కటి విన్నాడు. ఆపాడు, వెనక్కి పోయాడు, మళ్ళీ విన్నాడు. పదకొండు చోట్ల తప్పులు పట్టాడు. అందులో నేను తప్పు కొట్టినవి తొమ్మిది. రెండు ఆయన తప్పు చెప్పినవి. ఆ రెండు ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఇక్కడ రాసేశాను.

అమ్మాయి భయపడినట్టు కొంత జరిగింది కూడా. ఆ మిషను ఉన్నట్టుండి తనంతట తానే ఆరిపోయి మళ్ళీ లేస్తుంది. ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. మరిది సగం చోటు వింటుండగా మధ్యలో ఆపి, కొత్తది ఎక్కించుకుంటారా అంటుంది. నీ సిస్టంకు ఇంత ఆత్రం ఏంది అబ్బయ్యా, కొత్త కోడలు కూడా ఇన్నిసార్లు అడగదు అని నేను ఎత్తిపొడుస్తాను. నీ దానికి దగ్గు తగ్గిందా వదినా అని ఆయన. నా మిషను నాదే. అందులో పాత సిస్టమే ఉంది. నా మీటల మీద కాగితాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఇప్పుడు వాటితో పనిలేదు. ఎవరైనా వచ్చి ఇక నువ్వూ మారు అంటే మారను. మరిది మళ్ళీ పాత సిస్టంకు మారితే బాగుంటుందని అమ్మాయి ఇప్పటికీ అప్పుడప్పుడు నసుగుతుంది. ఆమెకూ అదే చెప్తాను. ఆయన్ని అడుగు. ఆయన ఒప్పుకుంటే మార్చు. తుడిచిపెట్టి మార్చవద్దు. ఆమె ఇప్పుడు అడుగుతుంది. మంచి గొంతు ఒకటి తయారవుతోందట, నెలకోసారి తెచ్చి మరిదికి వినిపిస్తుంది. ఆయన తప్పులు చెప్తాడు, ఆమె రాసుకుని పోతుంది. పోయినసారి తెచ్చినదానికి దగ్గు కాస్త తగ్గింది. జలుబు మిగిలింది అన్నాడు.

కొలుపు వచ్చింది. నా ఇసుక నాకు వచ్చింది. దురాయి మళ్ళీ చాటించాలా అని పెద్దకాపు నన్నే అడిగాడు. చాటించమన్నాను, మాట మార్చి. మిషను ముందు కూర్చునేవాళ్ళను అడగకుండా ఎవరూ దాన్ని ముట్టరాదు. ఏ సిస్టం అనే మాట అందులో లేదు. తప్పెటవాడు బతికిపోయాడు.

ఈ రాత అయిపోగానే పెన్‌డ్రైవులో వేసుకుని పక్క మిషనుకు తీసుకుపోయాను. ఏ సిస్టంలోనైనా తెరుచుకునే రకంలోనే దాచాను కాబట్టి తెరుచుకుంది. మరిది వలముడి మీద వేలు పెట్టి మొదటి నుంచి విన్నాడు. కంపెనీ గొంతు నా మాటలను నాకంటే బాగా చదివింది. ఒప్పుకోక తప్పదు. ఆయన తప్పు చెప్పిన రెండు చోట్ల సంగతి రాగానే మీట నొక్కి ఆపేశాడు.

"అది తీసెయ్ వదినా."

తీయలేదు. రాసిన మిషను నాది. వినడం ఇష్టం లేకపోతే ఆపే మీట ఆయన వేలి కిందే ఉంది.